ప్రాథమిక తరగతిలో కూర్చునే చోటును పిల్లలకే వదిలేయవచ్చా? ఎర్రగుంట్ల దగ్గరి ఒక బడి అనుభవం

34 మంది పిల్లలున్న మూడో తరగతి గదిలో ఎవరి చోటు వారికి కేటాయించకుండా, చేసే పనిని బట్టి నేల మీదనో బల్ల దగ్గరనో కూర్చుని, లేదా నిలబడి చదువుకునే ఫ్లెక్సిబుల్ సీటింగ్ పద్ధతి మన ప్రభుత్వ బడుల్లో నడుస్తుందా, దానికి ఎంత ఖర్చవుతుంది అని మీరు అడిగారు. కడప జిల్లాలో ఎర్రగుంట్ల దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాలలో మూడేళ్లుగా నేను ఈ పద్ధతిలోనే మూడో తరగతికి పాఠాలు చెబుతున్నాను. తప్పకుండా నడుస్తుంది, ఖర్చు కూడా పెద్ద అడ్డంకి కాదు. నేను చేసిన పొరపాట్లు మీరు చేయకుండా ఉండేందుకు వాటితోనే మొదలుపెడతాను.

వీడియోల్లో కనిపించే ఊగే స్టూళ్లు, గాలి నింపిన బంతులు, మెత్తని దిండ్లు చూసి ఇదంతా సామాను వ్యవహారమని మొదట భ్రమపడ్డాను. నిజానికి మా గదికి కావలసింది కొత్త సామాను కాదు, ఉన్న సామాను తగ్గడం. ప్రభుత్వ బడుల బాగుకోసం రాష్ట్రం చేపట్టిన నాడు-నేడు పథకం కింద వచ్చిన ఇద్దరు కూర్చునే డెస్కులు 14 ఉండేవి. మా తరగతిలోని 28 మంది పిల్లలకు అవి సరిపోయేవి కానీ, వాటి మధ్య నడవడానికి నాకే దారి ఉండేది కాదు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో ఆరు డెస్కులను ఐదో తరగతి గదికి మార్చి, ఏవి ఏ గదిలో ఉన్నాయో స్టాకు రిజిస్టరులో రాయించాను. ఈ పని నోటిమాటతో చేయకండి. ఖాళీ అయిన చోట, నల్లబల్లకు దగ్గరగా, రెండు జంబుఖానాలు పరిచాము. మా చుట్టుపక్కల నాపరాతి గనులే కనుక పాలిష్ చేసేచోట మిగిలిపోయిన బండ ముక్కలు ఊరికే దొరికాయి. వాటిని వరండా గోడ వెంట ఇటుకల మీద పెట్టి, నేల మీద బాసిపట్లు వేసుకుని రాసుకునేందుకు వీలైన పొట్టి బల్లలుగా చేశాము. మొదటి వారంలోనే ఒక బండ జారింది. అదృష్టవశాత్తూ దాని కింద ఎవరి కాలూ లేదు. మరునాడే మేస్త్రీని పిలిపించి అన్నింటినీ సిమెంటుతో కట్టించాను. కిటికీ గట్టు మూడో తరగతి పిల్లల మోచేతి ఎత్తుకు సరిగ్గా వచ్చింది కాబట్టి నిలబడి రాసుకునే చోటు పైసా ఖర్చు లేకుండా అమరింది. జంబుఖానాలు, మేస్త్రీ కూలీ, సిమెంటు, ఒక డజను పరీక్ష అట్టలు అన్నీ కలిపి మూడు వేల రూపాయలు దాటలేదు.

సామాను సంగతి అంతే. అసలు కష్టం "మీకు నచ్చిన చోట కూర్చోండి" అన్న నా మాటతో వచ్చింది. మొదటి రోజు ఫ్యాను కింది జంబుఖానా కోసం తోపులాట జరిగింది, దాన్ని వంతులు పెట్టి సర్దగలిగాను. రెండో వారంలో గమనించిన విషయం నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఒకే వీధి పిల్లలు ఒకేచోట చేరుతున్నారు, మగపిల్లలు ఒక మూల, ఆడపిల్లలు ఒక మూల సర్దుకుంటున్నారు, గని పనికి వేరే ఊరి నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలిద్దరూ ప్రతిరోజూ కిటికీ దగ్గరే మిగిలిపోతున్నారు. హాజరు పట్టీ వరుసలో డెస్కుల మీద కూర్చోబెట్టినప్పుడు కనిపించని ఊరి గీతలన్నీ నేనిచ్చిన స్వేచ్ఛలో గది మధ్యకు వచ్చాయి. అప్పటి నుంచి చోటు పిల్లల ఇష్టం, పక్కన ఎవరన్నది చీటీ ఇష్టం. సోమవారం ఉదయం నాలుగు రంగుల సీసా మూతలను సంచిలో వేసి తీయిస్తాను. ఒకే రంగు వచ్చినవారు ఆ వారమంతా ఒక జట్టు, ఏ పనికి ఎక్కడ కూర్చోవాలో జట్టే మాట్లాడుకుని తేల్చుకుంటుంది. మీరు ఇంకేది వదిలేసినా ఈ ఏర్పాటును మాత్రం వదలకండి.

ఇంత శ్రమ పడినందుకు దక్కినదేమిటంటే, సగం తరగతి డెస్కుల దగ్గర రాతపని చేస్తుండగా మిగిలిన 14 మందితో నేను జంబుఖానా మీద కూర్చుని ఒక్కొక్కరి చేత చదివించగలుగుతున్నాను. మూడో తరగతి ముగిసేలోగా పిల్లలకు చదవడం, లెక్కలు రావాలన్న లక్ష్యంతో 2021లో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మొదలైంది. ఆ లక్ష్యం అందాలంటే ఇలా ఒక్కొక్కరి చదువు విడిగా వినాల్సిందే. ఎవరికి ఒత్తులు పలకవో, ఎవరు పక్కవాడి నోరు చూసి పలుకుతున్నారో వెనక వరుస డెస్కు దాకా వినిపించేలా అరుస్తూ పాఠం చెప్పినన్నాళ్లూ నాకు తెలియనే లేదు.

తల్లిదండ్రుల అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకండి. "మేము బెంచీలు లేక బండల మీద కూచున్నాము సార్, ఇప్పుడు బెంచీలుండి కూడా మా పిల్లల్ని కింద కూచోబెడతారా?" అని ఒక తండ్రి అడిగాడు. నేల అంటే ఆయనకు లేమి గుర్తుకొచ్చింది, అందులో తప్పేమీ లేదు. రోమ్‌లో 1907లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి తెరిచిన పిల్లల బడిలోనూ పిల్లలు కదుపుకోగల చిన్న బల్లలే ఉండేవని, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ వారి గ్రామీణ బడుల్లో పిల్లలు జట్లుగా కూర్చుని ఎవరి వేగంలో వారు కార్డులతో నేర్చుకుంటారని చెప్పాను కానీ, ఆ మాటలు ఆయనకు పెద్దగా పట్టలేదు. ఒక పూట వచ్చి కూర్చుని చూడమని పిలిచాను. కొడుకు డెస్కు నుంచి జంబుఖానాకు, అక్కడి నుంచి కిటికీకి మారడం చూశాక అడగడం మానేశాడు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి కిటికీ దగ్గర నిలబడి రాస్తున్న పాపను చూసి, ఏం తప్పు చేశావని అడిగారు. "తప్పు కాదు సార్, ఈరోజు నా వంతు" అని ఆ పాప సమాధానం చెప్పింది.

కొన్ని హద్దులు మాత్రం తప్పవు. పేజీ నిండా రాయవలసినప్పుడు డెస్కే మేలు, ఎందుకంటే ఒడిలో అట్ట పెట్టుకుని రాసే పిల్లలు పది నిమిషాల్లో వంగిపోతారు, అక్షరాలు కూడా వాలిపోతాయి. చూపు తక్కువైన, వినికిడి తక్కువైన పిల్లలకు నల్లబల్లకు దగ్గరి చోటు ముందే కేటాయించి, ఆ సంగతి జట్టుకు మామూలుగా చెప్పండి. డిసెంబరు ఉదయాల్లో నాపరాయి చల్లగా ఉంటుంది కనుక వరండా బల్లల దగ్గర గోనెపట్టలు పరచండి. ఒంటిపూట బడుల కాలంలో మాత్రం ఆ చల్లదనం కోసమే పిల్లలు పోటీ పడతారు.

మీకు 34 మంది ఉన్నారు కాబట్టి ఒక్కసారిగా గదంతా మార్చకండి. మధ్యాహ్న భోజనం తరువాతి మొదటి పీరియడుకు మాత్రమే రెండు వారాలు నడిపించండి, డెస్కులు నాలుగుకు మించి తీయకండి. పాఠం మొదలుపెట్టే ముందు, చప్పుడు లేకుండా చోటు మారడాన్ని ఆటలాగా రోజూ ఐదు నిమిషాలు సాధన చేయించండి. మా పిల్లలకు అది పట్టుబడడానికి తొమ్మిది రోజులు పట్టింది.