రిగ్గెక్కే ముందు శీనుకి

చిరంజీవి శీనుకి,

మావయ్య దీవెనలు. నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెల నువ్వు పెన్షన్‌కి వెళ్తున్నావట, ఆ వెంటనే రాజోలు వైపు గ్యాస్ బావులు తవ్వే ఏదో కాంట్రాక్టు రిగ్గులో చేరుతున్నావట. రాత్రి నిద్ర పట్టలేదు.

మన తాడేపల్లిగూడెం పక్క ఊళ్లలో పటాలం మనుషులకు కొదవలేదు. మాధవరాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. కానీ మన ఇంట్లో పటాలం నుంచి రిగ్గుకి వెళ్లింది నేనొక్కడినే. ఇప్పుడు నువ్వు. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. బెంగళూరులో హలసూరు చెరువు పక్కన మన ఇంజనీర్ల దళం మద్రాస్ సాపర్స్ సెంటర్‌లోనే ఉన్నావు, మా ఇంటికి పావుగంట దూరం. అయినా ఉత్తరం రాస్తున్నానంటే కారణం ఉంది. ఈ సంగతి నీకు ఎదురుగా చెప్పబోయి రెండుసార్లు మధ్యలో ఆపేశాను.

ముందు చిన్న విషయాలు. డిశ్చార్జి బుక్కు, పెన్షన్ ఆర్డరు పీపీఓ, మాజీ సైనికుల వైద్యానికిచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు బెంగళూరు వదిలేలోపే సరిచూసుకో. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి. పెళ్లి ఉంగరం ఇంట్లో పెట్టి వెళ్లు, గొలుసుకో బోల్టుకో తగులుకుంటే వేలే ఊడొస్తుంది. చెవులకు ప్లగ్గులు పెట్టుకో, నా ఎడమ చెవి గతి చూశావు కదా. కుళ్లిన గుడ్డు వాసన వచ్చి, అంతలోనే ఆగిపోతే గ్యాస్ పోయిందనుకోకు. అది ఎక్కువైతే ముక్కుకి వాసన తెలియదు. గాలి వచ్చే వైపుకి, ఎత్తుకి పరుగెత్తు. ఆ గ్యాస్ గాలికంటే బరువు, గుంటల్లో నిలుస్తుంది. పద్నాలుగు రోజుల డ్యూటీ అయ్యాక వచ్చే పద్నాలుగు రోజులూ పిల్లల దగ్గర ఉండు.

ఇక అసలు సంగతి.

1976లో పటాలంలో చేరి పదిహేడేళ్ల తర్వాత హవల్దారుగా దిగాను. ఆ తర్వాత కోనసీమలో రిగ్గు పని. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలింది. 65 రోజులు మండింది. మేం గోదావరి ఇవతల గట్టు మీద నిలబడి రాత్రిళ్లు ఎర్రగా ఉన్న ఆకాశాన్ని చూసేవాళ్లం. అది కళ్లారా చూసిన మనిషిని నేను. అయినా మరుసటి ఏడాదే ఈ తప్పు చేశాను.

బావి అడుగున తవ్వే బిట్ మార్చడానికి పైపులన్నీ పైకి లాగుతున్నాం. మూడు పైపులు కలిపి ఒక స్టాండు, సుమారు 90 అడుగులు. ఎంత ఇనుము బయటికి వస్తే అంత మేర బావిలో మడ్, అంటే బరువైన బురద ద్రవం, నింపాలి. నింపకపోతే బావిలో ఒత్తిడి తగ్గి అడుగునున్న గ్యాస్ లోపలికి వస్తుంది. ఐదు అంగుళాల పైపులు, ఐదు స్టాండ్లు లాగితే బావి మూడున్నర బ్యారెళ్లు తాగాలి. మడ్ ట్యాంకు కొలత చూసి ట్రిప్ షీట్లో రాయడం ఆ రాత్రి నా పని. చూస్తే రెండే తాగింది.

అనుమానంతో సాబ్ దగ్గరికి వెళ్లకు, ఖాయం చేసుకుని వెళ్లు. పటాలంలో నేను నేర్చుకున్నది అది. కొలత నేనే తప్పు చూశానేమో అనుకున్నాను. బ్రేకు మీద చెయ్యేసి నిలబడ్డ డ్రిల్లర్ ఇరవై ఏళ్లు ఇదే పని చేసినవాడు. ఆయన్ని పిలిచి పని ఆపించడానికి నోరు రాలేదు. షీట్లో మూడున్నర అని రాశాను. వినరా శీనూ, రెండని రాసి ఊరుకోలేదు. మూడున్నర అని రాశాను.

ఇంకో ఐదు స్టాండ్లు లాగాం. ఈసారి ఒకటిన్నరే తాగింది. నేను నోరు తెరిచేలోపే పైపులోంచి మడ్ ఎగజిమ్మింది. పైపు నోరు మూసే సేఫ్టీ వాల్వు ఎత్తి పైపు మీద పెట్టి బిగించాలి, ఇద్దరు పట్టాల్సిన బరువు. ఒకవైపు నేను, రెండోవైపు ఇరవై రెండేళ్ల కోనసీమ కుర్రాడు. మడ్ జిడ్డుకి అతని చెయ్యి జారి వాల్వుకీ పైపుకీ మధ్య పడింది. వాల్వు బిగిసింది, డ్రిల్లర్ బావి నోటి మీదుండే పెద్ద వాల్వు బీఓపీ మూశాడు, తెల్లారేసరికి బావి అదుపులోకి వచ్చింది. కుర్రాడి గ్లవ్ తియ్యబోతే వద్దన్నట్టు తలూపి నా మొహం వైపే చూశాడు. మూడు వేళ్లు తీసేశారు.

మర్నాడు డ్రిల్లర్‌కి నిజం చెప్పాను. ఆయన షీటు తీసి ఆ మూడున్నర అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

నువ్వు నాకంటే మంచి సైనికుడివి. నా టెన్షన్ అదే. నీకు ఎనిమిదేళ్లప్పుడు కాల్లో గాజుపెంకు గుచ్చుకుంటే రెండు రోజులు నోరెత్తలేదు. చీము పట్టాక గానీ మీ అమ్మకు తెలియలేదు. ఓర్పున్న పిల్లాడని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. తప్పు చేశాను, ఆ రోజు నిన్ను గట్టిగా తిట్టాల్సింది. ఎందుకు చెప్పలేదురా, మేమంతా లేమా అని.

ఇప్పుడు రిగ్గుల మీద ఎవరైనా, నిన్న చేరినవాడైనా, పని ఆపమనొచ్చు. అనుమానం వస్తే మొదటి వారంలోనే ఆపు. పంపు కట్టేసి కాసేపు చూస్తే బావి పొంగుతోందో లేదో తెలిసిపోతుంది. ఏమీ లేకపోతే నలుగురూ విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఆదివారం భోజనానికి రా. అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంటోంది. ట్రిప్ షీటు ఎలా నింపాలో కాగితం మీద గీసి చూపిస్తాను. నా కుడిపక్కన కూర్చుని, చూసిన అంకె చూసినట్టు గట్టిగా చెప్పు. నాకు వినపడేదాకా చెప్పు.

ప్రేమతో,
మావయ్య