ఉప్పుటేటిలో పడవ మీంచి పండుగప్ప వేట: చేప ఎందుకు తగలదు, తగిలినా లైను ఎందుకు తెగుతుంది

మీ ప్రశ్న ఇదీ: యానాం దిగువన ఫైబర్ బోటు మాట్లాడుకుని, పొద్దున్న ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా మడ చెట్ల వెంట లూర్లు (చేపపిల్లలా కనిపించే నకిలీ ఎరలు) విసిరారు. రెండు పండుగప్పలు తగిలాయి, రెండూ లైను తెంపుకుపోయాయి. 30 పౌండ్ల బలం ఆపే బ్రెయిడ్‌ని, అంటే సన్న పోగులతో అల్లిన లైనుని, నేరుగా లూరుకే కట్టారు. ఇప్పుడు 50 పౌండ్ల బ్రెయిడ్, దానికి తగ్గ పెద్ద రీలు కొనాలా అని అడుగుతున్నారు.

కొనక్కర్లేదండి. ఏడడుగుల మీడియం హెవీ రాడ్డు, 4000 సైజు రీలు, 30 పౌండ్ల బ్రెయిడ్ గోదావరి పాయల్లో పండుగప్పకి బాగా సరిపోతాయి. లోపం లైను చివర ఉంది, బోటు నిలిపిన చోట ఉంది. ముందు లైను సంగతి చూద్దాం.

తెగిన కొసను పారేయకుండా వెలుతురులో పెట్టి చూడండి, జరిగిందేమిటో అదే చెబుతుంది. లూరుకి జానెడు దూరంలో ఏటవాలుగా, కత్తితో కోసినట్టు తెగి ఉంటే అది మొప్ప మూత పని. పండుగప్ప చెంప మీది రేకు అంచు చాలా పదును. చేప గాల్లోకి ఎగిరి తల విదిలించినప్పుడు బిగిసి ఉన్న లైను ఆ అంచుకి ఆనిందంటే బ్రెయిడ్ ఒక్క క్షణం ఆగదు. కొస పోగులు పోగులుగా విడిపోయి, దాని పైన కూడా అక్కడక్కడా నూగుగా ఉంటే మడ వేళ్ళకో, వాటికి అంటుకున్న ఆల్చిప్పలకో రాసుకుందని అర్థం. కొస మెలికలు తిరిగి వంకరపోయి ఉంటే లైను తెగలేదు, ముడి జారిపోయింది. ఇక లూరు తిరిగొచ్చి దాని గాలం చాచుకుపోయి ఉంటే గాలం సన్నం, లేదా డ్రాగ్ (చేప లాగితే రీలు లైను వదిలే బిగింపు) మరీ బిగువు. బ్రెయిడ్ నేరుగా కట్టారు కాబట్టి మీ రెండు చేపలూ మొదటి రకంగానే పోయి ఉంటాయని నా అంచనా. 50 పౌండ్ల బ్రెయిడ్ కట్టినా ఆ రేకుకి తేడా తెలియదు.

దీనికి మందు లీడర్, అంటే బ్రెయిడ్‌కీ లూరుకీ మధ్య కట్టే, రాపిడికి తట్టుకునే లావుపాటి లైను. 50 పౌండ్ల మోనో లేదా ఫ్లోరోకార్బన్ (రెండూ ఒంటిపోగు లైన్లే) ఒక మీటరు కట్టండి. వంతెన స్తంభాలు, రాళ్ళు, ఆల్చిప్పల గుట్టలు ఉన్న చోటైతే 60 పౌండ్లది. 80కి పోతే చిన్న లూరు ఈత చచ్చిపోతుంది, తగిలే చేపలు తగ్గుతాయి. బ్రెయిడ్‌కీ లీడర్‌కీ ఎఫ్‌జీ ముడి అన్నిటికంటే సన్నం, గట్టి. ఇంట్లో కూర్చుని కట్టుకెళ్ళండి. ఊగే పడవలో మళ్ళీ కట్టాల్సి వస్తే డబుల్ యూనీ ముడి చాలు: బ్రెయిడ్ వైపు ఏడెనిమిది చుట్లు, లీడర్ వైపు మూడు నాలుగు. ఉమ్మితో తడిపి నెమ్మదిగా బిగించండి. పొడిగా ఒక్క గుంజు గుంజితే మోనో వేడెక్కి అక్కడే బలహీనపడుతుంది. లూరుని లూప్ ముడితో కట్టండి, అప్పుడే అది వదులుగా ఊగుతుంది. పండుగప్ప నోటి లోపల ఇసుక కాగితం లాంటి పళ్ళు ఉంటాయి. అందుకే ప్రతి చేప తర్వాతా లీడర్ చివరి అడుగును గోళ్ళ మధ్య పెట్టి లాగి చూడండి. గరుకు తగిలితే అడుగు ముక్క కోసేసి మళ్ళీ కట్టండి. దీనికి బద్ధకించడం వల్ల పోయే చేపలే ఎక్కువ.

డ్రాగ్ చేతి అంచనాతో పెట్టకండి. స్ప్రింగ్ కాటా కొక్కేనికి లైను తగిలించి, రాడ్డు వంచి లాగితే 3 నుంచి 3.5 కిలోల దగ్గర రీలు లైను వదలాలి. 30 పౌండ్లంటే దాదాపు 13.6 కిలోలు, అందులో పావు వంతన్న మాట. ముడి ఎంత బాగా కట్టినా కొంత బలం పోతుంది, చేప ఉన్నట్టుండి గుంజే గుంజు వేరే. ఆ మిగులంతా వాటి కోసం. లూర్లతో వచ్చే మూడు మొనల గాలాలు చాలావరకు సన్నంగా ఉంటాయి. వాటిని, వాటి రింగుల్ని కూడా తీసేసి బలమైనవి వేయించుకోండి. తర్వాత నీళ్ళలో వేసి చూడండి, బరువు పెరిగి లూరు ఒరిగిపోతే ఒక సైజు తగ్గించాలి.

ఇక అసలు విషయం, నీరు. మీరు గడియారం చూసి వెళ్ళారు, చూడాల్సింది పోటుపాట్లు: సముద్రపు నీరు ఎక్కితే పోటు, దిగితే పాటు. పండుగప్ప వెంటాడి తినే చేప కాదు, మాటు వేసి తింటుంది. పోటులో నీరు మడ చెట్ల మధ్యకి ఎక్కినప్పుడు రొయ్యలు, చిన్న చేపలు దానితో పాటే లోపలికి పోతాయి. అవి చెట్ల నడుమ చెదిరి ఉంటే పండుగప్ప కూడా చెదిరే ఉంటుంది, దాన్ని వెతకడం కష్టం. పాటు మొదలై నీరు తీస్తుంటే అదంతా సన్న కాలవల గుండా పెద్ద పాయలోకి దిగాలి. ఆ కాలవ నోటి దగ్గర పండుగప్ప కాచుకుని ఉంటుంది. పాటు చివరి రెండు గంటలు, పోటు తిరిగిన మొదటి గంట, ఈ మూడు గంటల కోసమే రోజంతా ఏర్పాటు చేసుకోవాలి. అది తెల్లవారుజామునో సాయంత్రమో వస్తే ఇంకా మంచిది.

కాకినాడ పోర్టు పోటుపాట్ల పట్టిక చూసుకోండి. కానీ పాయల్లోకి పోయేకొద్దీ ఆ సమయం వెనక్కి జరుగుతుంది. లోపలి కాలవల్లో అరగంట నుంచి గంటకు పైగా ఆలస్యం ఉండొచ్చు. వెళ్ళగానే ఒక గెడను గట్టు పక్కన గుచ్చి నీటి మట్టం గీత పెట్టుకుంటే ఆ చోటి లెక్క మీకే తెలుస్తుంది, మర్నాటికి దానికి సుమారు 50 నిమిషాలు కలుపుకోవాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరీ జోరుగా ఉండి బురద లేస్తుంది, లూరు కనబడదు. ఆ తర్వాత మూడు, నాలుగు రోజులు వేటకి బాగుంటాయి. అష్టమి, నవమి చుట్టూ నీరు కదలదు, చేపా కదలదు.

బోటు ఎక్కడ ఆపాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. సరిగ్గా కాలవ నోట్లోకి ఇంజిన్‌తో వెళ్ళి లంగరు ధబ్బున వేస్తారు, అక్కడున్న చేప అప్పుడే పారిపోతుంది. యాభై మీటర్ల ముందే ఇంజిన్ ఆపి గెడతో నెట్టుకుంటూ రండి. కాలవ నీరు పాయ నీటిలో కలిసే చోట రంగు తేడాతో ఒక గీత కనిపిస్తుంది. ఆ గీతకి పాయ దిగువ పక్క, మూలన నీరు సుడి తిరిగి నెమ్మదిగా ఉన్న చోటే చేప ఉంటుంది, నోరు ప్రవాహం వైపు పెట్టుకుని. మీ పడవ దానికి దిగువగా 15, 20 మీటర్ల దూరంలో ఆగాలి. లూరుని కాలవ లోపలికి విసిరి, ప్రవాహంతో పాటే కిందికి తెచ్చుకోవాలి. నిజమైన రొయ్య, చేపపిల్ల వచ్చేది అటునుంచే. జోరు నీటికి ఎదురీదుతూ వచ్చే లూరుని పండుగప్ప పెద్దగా పట్టించుకోదు.

లంగరు చేత్తో పట్టుకుని నెమ్మదిగా దింపండి. మూడు మీటర్ల లోతుకి 12 నుంచి 15 మీటర్ల తాడు వదలాలి. మెత్తటి బురదలో లంగరు జారుతుంది కాబట్టి తాడు చివర రెండు మీటర్ల గొలుసు వేస్తే పట్టు దొరుకుతుంది. నీరు తీస్తున్నప్పుడు లంగరు ముందు వైపు నుంచే వేయాలి. వెనక వైపు కడితే ఇంజిన్ బరువుకి దిగి ఉన్న వెనక అంచు మీంచి నీరు లోపలికి వచ్చేస్తుంది.

లూర్లలో 4 అంగుళాల మెత్తటి తోక లూరు, 5/0 సైజు గాలం ఉన్న 10 నుంచి 14 గ్రాముల జిగ్ హెడ్ (గాలానికి అతికిన సీసపు తల) చాలు. అడుగుకి తగలనిచ్చి, రెండుసార్లు పైకి కుదిపి, మళ్ళీ పడనివ్వండి. పండుగప్ప ఎక్కువగా అది పడేటప్పుడే అందుకుంటుంది. చేతికి ఒక్క ‘టక్’ మాత్రం తెలుస్తుంది. లైను వదులుగా వేలాడదీస్తే అదీ తెలియదు. పాయ అంచుల్లో 2 నుంచి 4 మీటర్ల లోతున 10, 12 సెంటీమీటర్ల డైవింగ్ లూర్లను (లాగితే నీటిలోకి మునిగేవి) ట్రోలింగ్ చేయొచ్చు, అంటే కదిలే బోటు వెనక లాగొచ్చు. వేగం మనిషి నడకంతే, గంటకి 4, 5 కిలోమీటర్లు. లూరు బోటుకి 20, 25 మీటర్ల వెనక ఉండాలి, అప్పుడప్పుడు అడుగుకి తగలాలి.

బతికిన ఎర వేస్తే నా ఓటు కత్తిపరిగె పిల్లలకే, అవే మల్లెట్లు, 8 నుంచి 10 సెంటీమీటర్లవి. పై పెదవికి 5/0 సర్కిల్ గాలం (మొన లోపలికి వంగినది) గుచ్చండి. రొయ్యకైతే కొమ్ము మొదట్లో, తలలో నల్లగా కనిపించే చోటు తగలకుండా 3/0 గుచ్చాలి. నల్ల చోటు తగిలితే రొయ్య వెంటనే చచ్చిపోతుంది. బకెట్‌లో బ్యాటరీ ఎయిరేటర్ పెట్టి, అరగంటకోసారి మూడో వంతు నీళ్ళు మార్చండి. ఎరతో అయితే పడవ లెక్క తిరగబడుతుంది, ఎగువన లంగరు వేసి, ప్రవాహంతో ఎరను మూల దగ్గరకి జారవిడవాలి. సర్కిల్ గాలానికి రాడ్డు గుంజకూడదు. చేప లైను తీసుకుని రాడ్డు వంగనివ్వండి, అప్పుడు రీలు తిప్పితే చాలు, గాలం నోటి మూలకి తనే పడుతుంది. గుంజితే ఎర నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది.

తగిలాక మొదటి పది సెకన్లలోనే తేలిపోతుంది. చేప మడ వేళ్ళ వైపు తల తిప్పుతుంది. రాడ్డు పక్కకి వంచి తిప్పండి, ఇంకొకరు గెడతో బోటుని పాయ మధ్యకి నెట్టాలి. చేప ఎగిరేటప్పుడు రాడ్డు కొస నీటి వైపు దించండి. పైకెత్తి పట్టుకుంటే తల విదిలింపుకి గాలం ఊడుతుంది.

జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీళ్ళు వస్తే లూర్లు పక్కన పెట్టేయండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 11.75 అడుగులు, ఉన్నన్ని రోజులు పడవే వద్దు. నీరు తేటపడే అక్టోబరు నుంచి వేట బాగుంటుంది. కానీ తుఫాను హెచ్చరికలు కూడా అప్పుడే. డిసెంబరు, జనవరి చలికి చేప మందగిస్తుంది, లూరుని ఇంకా నెమ్మదిగా తిప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో ఇంజిన్ పడవల వేట నిషేధం. కోరింగ అభయారణ్యం 1978 నుంచి ఉంది, అటవీశాఖ అనుమతి లేకుండా ఆ హద్దులోకి పోకూడదు. హద్దు ఎక్కడో బోటు ఆయన్ని ముందే అడగండి. పాటు వేళ మొగ (పాయ సముద్రంలో కలిసే చోటు) దగ్గరకి మాత్రం వెళ్ళకండి. బయటికి పోయే నీటికి సముద్రపు అల ఎదురై నిలువునా విరుగుతుంది, చిన్న ఫైబర్ బోటు తట్టుకోదు. లోపల కూడా నీరు తీసేసరికి మేట మీద బోటు కూర్చుందంటే మళ్ళీ పోటు వచ్చి లేపేదాకా గంటల తరబడి ఎండలో కూర్చోవాల్సిందే. కాబట్టి పాటు సగం దాటాక సన్న కాలవల్లోకి దూరకండి. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, బల్ల కింద కాదు.

చేపను పడవలోకి తీసేటప్పుడు మొప్పలో వేళ్ళు పెట్టకండి, తెగుతాయి. లిప్ గ్రిప్‌తో దవడ పట్టి, రెండో చేయి తడిపి పొట్ట కింద ఆనించండి. పులుసుకి 2, 3 కిలోల చేపే రుచి. దాన్ని మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, ఐసు కలిపిన ఉప్పునీళ్ళలో వేయండి, ఇంటికొచ్చేదాకా కండ గట్టిగా ఉంటుంది. పండుగప్ప మొదట మగదిగా ఎదిగి, తర్వాత ఆడదవుతుంది. 5 కిలోలు దాటిన వాటిలో ఎక్కువ గుడ్లు పెట్టే తల్లులే. అలాంటిది పడితే ఫొటో నీటి మీదే తీసుకోండి, తల ప్రవాహం వైపు పెట్టి, తనంతట తాను తోక ఆడించేదాకా పట్టుకుని వదిలేయండి.