చిట్టీ ఎత్తి పాపను సమ్మర్ ప్రోగ్రామ్‌కు పంపాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్‌మిల్లులో గుమాస్తాను, జీతం 32 వేలు. మా పాప తొమ్మిదో తరగతి. సైన్స్ అంటే ప్రాణం. చుట్టుపక్కల ఊళ్ల బోరు నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి, మీద ఊరి పేరు రాసి, ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేస్తోంది. విదేశీ యూనివర్సిటీలో రెండు వారాల సమ్మర్ ప్రోగ్రామ్‌కు సెలెక్ట్ అయిందని, మూడున్నర లక్షలు కట్టమని ఓ కన్సల్టెన్సీ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. 50 నెలల 5 లక్షల చిట్టీలో 14 నెలలు కట్టాను. ఎత్తేయమంటారా?

జవాబు: వద్దండి. ఇప్పుడు లక్షన్నర తగ్గించి పాడితే చేతికొచ్చేది మూడున్నర లక్షలు. అది రెండు వారాల్లో అయిపోతుంది, మీరు మాత్రం ఇంకా 36 నెలలు కట్టాలి. సరిగ్గా ఆ 36 నెలలకే పాప ఇంటర్ పూర్తవుతుంది. చివరిదాకా ఆగితే పోయేది కమిషన్ మాత్రమే. సీటు వచ్చే వేళకు డబ్బు చేతిలో ఉంటుంది.

డబ్బు కట్టి వెళ్లే ఇలాంటి ప్రోగ్రామ్‌ల సర్టిఫికెట్ ఇక్కడ సీటు తెచ్చిపెట్టదు. తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది, అందులో చేరాలంటే ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాల్సిందే. అక్కడ డిగ్రీ, పీజీ కలిసిన బీఎస్-ఎంఎస్ కోర్సు ఐదేళ్లు. ఇంటర్‌లో బోర్డు టాప్ ఒక శాతంలో ఉండి ఇలాంటి సైన్స్ కోర్సులో చేరినవారికి కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 80 వేల దాకా.

ఈ ఏడాది అసలు వదలకూడనిది యువిక, అంటే ఇస్రో బడిపిల్లలకు పెట్టే శిక్షణ కార్యక్రమం. తొమ్మిదో తరగతి వాళ్లకే, అంటే వచ్చే ఏడాదికి అవకాశం దాటిపోతుంది. ప్రయాణం, బస, భోజనం అన్నీ ఇస్రోవే. గ్రామీణ బడుల పిల్లలకు ఎంపికలో అదనపు మార్కులు కూడా ఉన్నాయి. పదిలోకి వచ్చాక జూనియర్ సైన్స్ ఒలింపియాడ్ మొదటి దశ పరీక్ష, ఎన్‌ఎస్‌ఈజేఎస్, నవంబరులో రాయించండి. దానికయ్యే ఖర్చు తక్కువే.

ఆ నీళ్ల సీసాల సంగతి నాకు భలే నచ్చింది. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది కదా, బడి సైన్స్ టీచరుతో ఓ ఉత్తరం రాయించుకుని కెమిస్ట్రీ విభాగంలో అడగండి. ఫ్లోరైడ్‌కు ఉన్న లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు ఏ ఊరి బోరు దాటిందో పాప అక్కడ కొలిచి చూడగలిగితే, ఫీజు కట్టి వినే క్లాసుల కన్నా ఎక్కువే నేర్చుకుంటుంది. వాళ్లు కాదంటే మీకు పోయేది బస్ చార్జీలే.

జీతంలో దాదాపు మూడో వంతు చిట్టీకే పోతోంది కాబట్టి ఇంకో పొదుపు మొదలుపెట్టమని అనను. కానీ ఒకటి చూసుకోండి: అది రిజిస్టరైన చిట్టీయేనా? నోటుబుక్కులో రాసుకునే చిట్టీ అయితే 36 నెలలు ఆగమనను. పాటలో తగ్గింపు తక్కువగా ఉండే నెల చూసి ఎత్తి, పాప ఇంటర్ అయ్యేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయండి.