ఇంటర్వ్యూలు లేకుండా మైపాడు తీరం మీద డాక్యుమెంటరీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

నెల్లూరు దగ్గర మైపాడు వైపు అలివి వల (సముద్రంలో పరిచి, రెండు చివర్ల తాళ్లు పట్టి ఒడ్డుకు లాగే పెద్ద వల) లాగేవాళ్ల మీద 20 నిమిషాల సినిమా, ఇంటర్వ్యూలు, వాయిస్ ఓవర్ వద్దు, ఒక మిర్రర్‌లెస్ కెమెరా, తోడు ఒక మనిషి, ఏం కొనాలి, ఎలా తీయాలి అని అడిగారు. కెమెరా ఉన్నది చాలు. డబ్బులు మైకులకు పెట్టండి. వ్యాఖ్యానం లేని సినిమాలో కథ నడిపేది మనుషుల మాటలు, పని చప్పుళ్లే. బొమ్మ కాస్త అటూఇటూ అయినా జనం చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు.

తీరంలో ఇబ్బంది పెట్టేది గాలి, అల. మైకుతో పాటు వచ్చే స్పాంజి కవరు సముద్రపు గాలికి ఆగదు, బొచ్చు కవరు తప్పనిసరి. వల లాగేవాళ్లు చాలామంది చొక్కా లేకుండా ఉంటారు కాబట్టి కాలర్ మైకు తగిలించడానికి కాలరే ఉండదు. నుదుటి మీద తలగుడ్డ మడతలో పెట్టండి. నోటికి దగ్గర, గుడ్డే గాలిని అడ్డుకుంటుంది, వంగినా లేచినా మాట ఒకే స్థాయిలో వస్తుంది. మైకు మాటను కెమెరాకు పంపే ట్రాన్స్‌మిటర్‌ని జిప్ కవర్లో చుట్టి నడుముకు వెనకవైపు కట్టాలి. మనిషి మొల లోతు నీళ్లలోకి దిగే ముందు మాత్రం తీసేయండి. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, గట్టిగా అరిచినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. తాడు లాగేటప్పుడు అందరూ కలిసి పెట్టే కేక ఒక్కసారిగా వస్తుంది, దానికి చోటు ఉంచాలి.

ఇక అల. అల విరుగుతుండగా కట్ వేస్తే ఆ చప్పుడు మధ్యలో తెగి చెవికి ఠక్కున తగులుతుంది. అందుకే కెమెరా పెట్టిన ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా మూడు నిమిషాలు ఉత్త సముద్రం చప్పుడే రికార్డు చేసి, ఎడిటింగులో కట్ల కింద పరచండి. ఒడ్డున, నీళ్ల అంచున, పడవల చాటున ఆ చప్పుడు వేరువేరుగా ఉంటుంది, ఒకదానికి ఒకటి పనికిరాదు.

కెమెరాలో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టి ఇక మార్చొద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్, 30 ఫ్రేములు, షట్టర్ 1/60 పెడితే ఇళ్లలో ట్యూబులైటు వెలుగు అదురుతుంది. పగటి ఎండలో ఐఎస్ఓ 100, 1/50 దగ్గర అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 22 వస్తుంది. ఎఫ్ 4కి రావాలంటే వెలుగు ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు సగం చొప్పున) తగ్గాలి, అంటే లెన్సు ముందు పెట్టే నల్ల ఫిల్టరు ఎన్‌డీ 32. లాగ్‌లో (రంగులు తర్వాత దిద్దుకునేలా చప్పగా రికార్డు చేసే పద్ధతి) బేస్ ఐఎస్ఓ 800 అయితే ఎనిమిది స్టాపులు, ఎన్‌డీ 256 కావాలి. రెండు నుంచి ఐదు స్టాపుల వేరియబుల్ ఎన్‌డీ ఒక్కటే కొంటే లాగ్‌లో చాలదు. లెన్సు 35 ఎం.ఎం. ఒకటి చాలు. జూమ్ ఉంటే దూరంగా నిలబడిపోతారు, 35తో ఐదారడుగుల దగ్గరికి వెళ్లక తప్పదు. దగ్గరికి వెళ్తేనే వాళ్లు మీకు అలవాటు పడతారు.

నెల్లూరులో ఏసీ గదిలో పడుకుని తెల్లవారుజామున నేరుగా తీరానికి పోతే లెన్సు మంచు పట్టినట్టు మసకబారుతుంది. అరగంట ముందే బ్యాగు ఏసీ బయట పెట్టండి, మూత తెరవకుండా. ఒడ్డున లెన్సు మార్చొద్దు. సాయంత్రం మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో కెమెరా ఒంటిని తుడవాలి, ఉప్పు ఎండిపోతే డయల్స్ బిగుసుకుపోతాయి.

కాలం చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు వేట నిషేధం. నేనైతే జనవరి నుంచి మార్చిలోపు పెట్టుకుంటాను. వెళ్లగానే ముందు ఊరి కాపులను, అంటే మత్స్యకారుల పెద్దలను కలవండి. వేటకు ఎవరూ పోకూడదని వాళ్లు దురాయి (కట్టుబాటు) వేస్తే ఆ రోజు మీకూ షూటింగ్ లేనట్టే.

అలివి వల మొదట్లో రెండు తాళ్ల దగ్గర రెండు గుంపులు చాలా ఎడంగా ఉంటాయి, లాగేకొద్దీ దగ్గరవుతాయి. రెండింటి మధ్యా పరుగెత్తితే ఏదీ పూర్తిగా రాదు. ఒక తాడు ఎంచుకోండి. అందులోనూ చివరన తాడు చుట్టే మనిషిని పట్టుకోండి. అందరూ వెనక్కి నడుస్తుంటే ఆయన ఒక్కచోట కూర్చుని తాడును చుట్టలుగా పేరుస్తుంటాడు, వల బరువు తాడు వచ్చే వేగంలో తెలిసిపోతుంది. వల చివరి సంచి ఒడ్డెక్కగానే కెమెరాలన్నీ చేపల మీదికి పోతాయి, మీరు మొహాల మీద ఉండండి. ఆ రోజు కూలి గిట్టిందో లేదో అక్కడ కనపడుతుంది. ప్రతి షాటూ కనీసం అర నిమిషం నిలపండి, మాట ఆగినా కెమెరా ఆపొద్దు.

చేపల వేలం పాట జరిగేటప్పుడు వేలం వేసేవాడి వెనక నిలబడండి, కొనేవాళ్ల చూపులన్నీ మీ వైపే వస్తాయి. కానీ అక్కడ వ్యాపారి ఇచ్చిన అడ్వాన్సులు, పాత బాకీల మాటలు మైకులో పడతాయి. అది బయటికొస్తే రేపు వాళ్లకు పెట్టుబడి ఇచ్చేవాడితో చెడుతుంది. మాట ఎవరిదో వాళ్లకు విడిగా వినిపించి అడగకుండా ఒక్క వాక్యం కూడా ఉంచొద్దు. మైకు పెట్టించుకోవడానికి ఒప్పుకోవడం, ఆ మాట లోకానికి చూపించడానికి ఒప్పుకోవడం ఒకటి కాదు.

20 నిమిషాలకు 15 నుంచి 20 గంటల ఫుటేజీ అవుతుంది. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు మెగాబిట్లు) గంటకు 45 జీబీ, మొత్తం 900 జీబీ దాకా. 2 టీబీ డిస్కులు రెండు కొని, రెండింట్లోనూ కాపీ అయ్యాకే కార్డు చెరపండి. రఫ్ కట్ (మొదటి ముతక ఎడిట్) అవగానే ముందు ఆ ఊళ్లోనే వేసి చూపించండి, సంగీతం కలపక ముందే. తీసేయమన్నవి ఆ రాత్రే రాసుకుంటే, సౌండ్ మిక్స్‌కి డబ్బు కట్టేలోపు కట్ ఖాయమవుతుంది.