నేల తగిలిందని ఎవరు చెప్పాలి?

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ రోవర్, అదే తానే నడిచే చక్రాల బండి, దాన్ని గాల్లోంచి దించడానికి గీసి నువ్వు పంపిన డ్రాయింగులు మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు ఫోన్లోనే పెద్దవి చేసుకుని చూశాను. డ్రోన్ మీంచి మీ పెట్టె వదలడం, పారాచూట్ విచ్చుకోవడం, చివర్లో ఫ్యాన్లు తిరిగి రోవర్ని మెల్లిగా కిందికి దించడం, అంతా బాగుంది. చక్రాలకే ఆరు పేజీలు గీశారు. ఫ్యాన్లు ఎప్పుడు ఆపాలన్నది మాత్రం ఒక మూల "సెన్సర్ ద్వారా" అని రాసి వదిలేశారు. ఆ ఆరు పేజీలూ పక్కన పడేసి ముందు ఆ మూల సంగతి చూడండి.

1999లో నాసా వాళ్ళ మార్స్ పోలార్ ల్యాండర్ కుజుడి దాకా వెళ్ళి, అక్కణ్ణించి ఒక్క కబురూ పంపకుండా పోయింది. ఎక్కువగా ఇలా జరిగి ఉంటుందని విచారణలో తేల్చారు: పైన ఉండగానే కాళ్ళు విచ్చుకున్నాయి. ఆ కుదుపుని కాలి సెన్సర్ నేల తగలడం అనుకుంది. ఆ మాటని సాఫ్ట్‌వేర్ దాచిపెట్టుకుని, సుమారు 40 మీటర్ల ఎత్తుకి వచ్చాక తీసి చూసి ఇంజన్లు ఆపేసింది. కాళ్ళ పరీక్ష చేసినప్పుడు సెన్సర్ల వైర్లు తప్పుగా ఉన్నాయట. సరిచేశారు గానీ, ఆ పరీక్ష మళ్ళీ చెయ్యలేదు.

నవ్వకు, నేనూ అదే పని చేశాను. మన రొయ్యల చెరువుకి నీళ్ళు పెట్టే మోటారుకి ఫ్లోట్ స్విచ్, అదే నీటి మీద తేలుతూ పైకి లేచే స్విచ్, పెట్టి, నిండగానే ఆగేలా చేశాను. ఒకసారి ఆగితే చేత్తో నొక్కేదాకా మళ్ళీ తిరగదు. పక్కనే ఏరియేటర్, అదే నీళ్ళని చిలికి గాలి కలిపే యంత్రం, వేశారు. దాని అలకి ఫ్లోట్ ఒక్కసారి లేచింది, మోటారు ఆగిపోయింది, నేను హాయిగా పడుకున్నాను. తెల్లారి చూస్తే నీళ్ళు ఎక్కడివక్కడే. మీ నాన్న ఇప్పటికీ ఎత్తిపొడుస్తాడు. తర్వాత చేసిందల్లా ఒకటే: ఫ్లోట్ లేచి పది సెకన్లు అలాగే ఉంటేనే నమ్మేలా మార్చాను. మీకు పది సెకన్లు కుదరదు, సెకనులో పావో సగమో చాలు. కాళ్ళు విచ్చుకునేటప్పుడు వచ్చిన కబురు మాత్రం తుడిచెయ్యండి.

ఒకే సెన్సర్ని నమ్ముకున్నా మునుగుతారు. 2016లో యూరప్ వాళ్ళ స్కియాపరెల్లి ల్యాండర్ కుజుడి మీద దిగుతూ పారాచూట్ కింద గట్టిగా ఊగితే, తిరుగుడు కొలిచే పరికరం సుమారు ఒక సెకను పాటు తాను కొలవగలిగిన గరిష్ఠం దగ్గరే ఆగిపోయింది. ఆ లెక్కతో కంప్యూటర్ తాను నేలకి కిందున్నానని అనుకుని, ఇంకా 3.7 కిలోమీటర్ల ఎత్తుండగానే పారాచూట్ వదిలేసింది. ఎత్తు సున్నా కన్నా తక్కువ వస్తే అది అబద్ధమని చెప్పే ఒక్క లైను ప్రోగ్రాంలో ఉండాలి కదా! మీ దాంట్లో ఉందా?

ఇక ఫ్యాన్ల సంగతి. మన దగ్గర బొండాల గెల తాడుతో దించడం చూసే ఉంటావు. చెట్టు మీదున్నవాడు కిందికి చూడడు, మట్టల్లోంచి ఏం కనబడుతుంది? గెల నేలకి ఆనగానే చేతిలో తాడు తేలికవుతుంది, అంతే. నాసా వాళ్ళు కుజుడి మీద 2012లో క్యూరియాసిటీ రోవర్ని, 2021లో పర్సెవరెన్స్ రోవర్ని దించింది ఇలాగే. టన్ను బరువున్న రోవర్ని ఎయిర్‌బ్యాగుల్లో చుట్టి దొర్లించలేరు. కుజుడి గాలి మన గాలిలో నూటికి ఒక వంతు సాంద్రతే, కాబట్టి 21.5 మీటర్ల పారాచూట్ వేసినా వేగం గంటకి 300 కిలోమీటర్ల దగ్గరే ఆగుతుంది. అందుకే చివర్లో రాకెట్ ఇంజన్లున్న వాహనం పైన నిలబడి, రోవర్ని తాళ్ళతో కిందికి వదిలింది. రోవర్ నేలకి ఆనగానే బరువు తగ్గి, ఇంజన్లకి అంత తోపుడు అక్కర్లేకపోయింది. ఆ తగ్గుదల కాసేపు నిలిస్తే నేల తగిలినట్టే. అప్పుడు పైనున్న వాహనం తాళ్ళు కోసుకుని అవతలికెళ్ళి పడిపోయింది. మీరు కూడా ఫ్యాన్ మోటార్లు తాగే కరెంటు చూడండి. కాలి స్విచ్ ఒక సాక్షి, కరెంటు రెండో సాక్షి.

ఎత్తు కొలవడానికి అల్ట్రాసోనిక్, అదే శబ్దం పంపి ప్రతిధ్వనితో దూరం కొలిచే సెన్సర్, అన్నారు. ఫ్యాన్ గాలికి అది తడబడుతుంది, వరి దుబ్బుల మీద ఇంకా సరిగా పలకదు. ఎక్కడ దిగాలో కూడా ముందే గట్టిగా అనుకోకండి. వరద వచ్చి వెళ్ళాక లంకలో నిరుటి రేవు అక్కడే ఉంటుందా? కుజుడి మీద పర్సెవరెన్స్ దిగిన జెజెరో బిలం కూడా ఒకప్పుడు నది కలిసిన చోటే, మనలాంటి డెల్టాయే. రాళ్ళూ గట్లూ ఉన్నాయి కాబట్టి కెమెరాతో నేల ఫొటోలు తీసుకుని, దాచుకున్న మ్యాపుతో పోల్చుకుని, మంచి చోటు తానే ఎంచుకుంది. భూమ్మీంచి చెప్పేవాళ్ళుండరు, ఆ రోజు సిగ్నల్ రావడానికే పదకొండు నిమిషాలు పట్టింది. మన చంద్రయాన్-2కి దిగడానికి 500 మీటర్ల చదరమే చోటు. చంద్రయాన్-3కి దాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పు చేశారు. మీకు కెమెరా ఖర్చెందుకు, చోటే పెద్దది తీసుకోండి.

ఆదివారం పొద్దున్నే రండి, మధ్యాహ్నమైతే సముద్రం గాలి మొదలవుతుంది. చెట్టెక్కే మనిషికి చెప్పి ఉంచాను. చక్రాలు ఇంట్లో పెట్టి పెట్టె, కాళ్ళు, ఫ్యాన్లు తెండి. ముందు తాడుకి కట్టి రెండు మీటర్ల నుంచి దించుదాం, కాళ్ళు మాటిమాటికీ తెరిచి మూద్దాం. ఏ వైరు మార్చినా మళ్ళీ మొదటి నుంచీ. మధ్యాహ్నం భోజనం ఇక్కడే, పెద్దమ్మ పులస దొరికితే వండుతానంటోంది గానీ ధర వింటే నాకే గుండె దడ.

మీ పెదనాన్న