అమ్మాయికి ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, చిన్నప్పటి నుంచీ జిమ్నాస్టిక్స్ చేస్తోంది. చాన్నాళ్లుగా నడుము నొప్పి, ఇప్పుడు ఎడమ కాలు తిమ్మిరి కూడా. నడుము కింది పూస సగానికి పైగా ముందుకి జారిందని స్కాన్‌లో తేలింది. బెల్టు, రెస్టు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి, ఇక ఆపరేషన్ చేసి పూసలు కలపాలంటున్నారు. మళ్లీ ఆడగలదా అంటే డాక్టరుగారు గ్యారంటీ ఇవ్వలేనన్నారు. ఆ మాట దానికి ఇంకా చెప్పలేదు. చెబితే డీలా పడిపోతుంది, ఆపరేషన్ అయ్యాక చూద్దాం అంటారు మావారు. కోచ్ ఏమో వచ్చే సీజన్‌కి రెడీ అయిపోతావని మెసేజ్‌లు పెడుతున్నారు. అది గదిలోంచి బయటికే రావట్లేదు. ఏం చేయాలి?

జవాబు: చెప్పేయండమ్మా, ఆపరేషన్‌కి ముందే. అసలు తనకి ఈపాటికే సగం తెలిసి ఉంటుంది, రిపోర్టులో ఉన్న పేరు ఫోన్‌లో కొట్టి చూడకుండా ఉండే పదహారేళ్ల పిల్ల ఎవరు చెప్పండి? తలుపేసుకుని ఒంటరిగా భయపడుతోంది, మీరిద్దరూ హాల్లో కూర్చుని భయపడుతున్నారు, అంతే తేడా. మీవారి ఉద్దేశం మంచిదే. కానీ అమ్మానాన్నలకి ముందే తెలుసని ఆపరేషన్ తర్వాత బయటపడితే, మీరు చెప్పే ఏ మాటనీ నమ్మదు. ఆ తర్వాతి నెలల్లో 'ఇవాళ వంగొద్దు, ఇది ఎత్తొద్దు' అని మీరు చెప్పేవన్నీ అది నమ్మాల్సినవే.

మీ నోటితో చెప్పడం కష్టమైతే డాక్టరు చేతే చెప్పించండి. ఈసారి ఆయన ఎదురుగా కుర్చీలో అమ్మాయిని కూర్చోబెట్టి, మీరు పక్కన ఉండండి, ఓ పది నిమిషాలు బయటికి వెళ్లినా మంచిదే. ప్రశ్నలు తననే రాసుకోమనండి. ఎన్ని పూసలు కలుపుతారు, ఆగితే ఏమవుతుంది, నరాలకి రిస్క్ ఎంత, ఈ వయసు పిల్లలకి మీరు ఇలాంటివి ఎన్ని చేశారు, ఏ కదలికలు ఇక ఎప్పటికీ కుదరవు... ఆఖరిది మీరైతే అడగలేరు, అది అడుగుతుంది.

మీ అమ్మాయి విషయంలో ఏం జరిగి ఉంటుందంటే, పదేపదే వెనక్కి వంగడం వల్ల పూస వెనక భాగంలో ఉండే సన్నటి ఎముకలో పగులు వస్తుంది, అది రెండు వైపులా వస్తే పూస నెమ్మదిగా ముందుకి జారుతుంది. జిమ్నాస్టులకీ ఫాస్ట్ బౌలర్లకీ ఇది బాగా తెలిసిన బాధే. పగులు మాత్రమే ఉన్న పిల్లల్లో చాలామంది కొన్ని నెలల రెస్టుతో కోలుకుంటారు. సగానికి పైగా జారి, కాలు తిమ్మిరి కూడా ఉంటే మాత్రం, ఎదిగే వయసులో ఇంకా జారుతుందేమోనని సర్జన్లు ఆపరేషన్ వైపే మొగ్గుతారు. నేను స్కాన్ చూడలేదు గానీ మీ డాక్టరుగారి మాట నాకు వింతగా అనిపించలేదు. సెకండ్ ఒపీనియన్ తీసుకోండి, మంచి డాక్టరెవరూ దానికి నొచ్చుకోరు. కానీ మూత్రం రాకపోయినా, ఆపుకోలేకపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాలు బలం తగ్గుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాల్సిందే.

ఆపరేషనయ్యాక మామూలుగా ఒకటి రెండు రోజుల్లోనే నడిపిస్తారు. పూసలు గట్టిగా అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టొచ్చు. అసలు కష్టం మధ్యలో ఉంది, నొప్పి తగ్గి పైకి బాగానే కనిపిస్తుంది, తనకీ బాగున్నట్టే ఉంటుంది, ఎవరూ లేనప్పుడు ఒక్కసారి వంగి చూద్దామనిపిస్తుంది. మొదటి రోజుల్లో పక్కకి తిరగాలన్నా భుజాలూ నడుమూ కలిపి ఒకేసారి తిప్పాలి, స్నానానికి సాయం కావాలి. ఆ సాయం ఎవరు చేయాలో దాన్నే అడగండి, ఈ వయసులో అది చిన్న విషయం కాదు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు అడగకుండా వేయకండి, ఎముక అతుక్కోవడానికి అడ్డొస్తాయని కొన్ని రకాల్ని సర్జన్లు కొన్నాళ్లు వద్దంటారు.

చుట్టాలు వచ్చి బుమ్రా కథ చెబుతారు చూడండి, 2023 మార్చిలో వెన్ను ఆపరేషన్, ఆగస్టుకల్లా మైదానంలో అని. నిజమే, కానీ ఆయన బౌలరు, మీ అమ్మాయిది వెన్నుని విల్లులా వంచాల్సిన ఆట, కలిపేసిన పూసల మధ్య ఆ వంపు ఉండదు. మీవారికైతే ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ పాట్ కమిన్స్ సంగతి చెప్పండి. 2011లో 18 ఏళ్లకి మొదటి టెస్టు ఆడి, వెన్నులో ఎముక పగుళ్లతో సహా వరస గాయాల వల్ల రెండో టెస్టు 2017లో గానీ ఆడలేకపోయాడు. అది కూడా ఆపరేషన్ అయిన కేసు కాదు.

ఏడిస్తే ఏడవనివ్వండి. 'పోన్లే, చదువు మీద శ్రద్ధ పెట్టొచ్చు' అని మాత్రం ఎవర్నీ అననివ్వకండి, ఇన్నేళ్లూ ఆ ఆటే తన పేరూ, స్నేహితులూ, రోజూ. తిండీ నిద్రా బాగా తగ్గినా, బతికి లాభం లేదన్న మాట ఒక్కసారి వచ్చినా, ఆపరేషన్‌కి ముందే సైకాలజిస్టుకి చూపించండి, ఈ సంగతి సర్జన్‌కి కూడా చెప్పండి.

ఇక కోచ్‌కి ఈరోజే ఫోన్ చేయండి. సీజన్ మాట ఎత్తొద్దని చెప్పండి, కానీ మెసేజ్‌లు ఆపమనకండి, ఒక్కసారిగా ఆయన మాయమైతే అది ఇంకో దెబ్బ. ఆట ఊసు లేకుండా ఎలా ఉన్నావని అడిగితే చాలు. ప్రాక్టీస్ హాలుకి వెళ్లి కూర్చోవాలో వద్దో అమ్మాయి ఇష్టానికే వదిలేయండి, కొందరికి అక్కడుంటే ఊరట, కొందరు కొన్నాళ్లు ఆ వైపు చూడలేరు.