నంబర్ ఇక్కడిది, నెట్ అక్కడిది: విదేశాలకెళ్ళేవాళ్ళ ఫోన్ ప్రశ్నలు

ప్రశ్న (తెనాలి నుంచి ఒక పాఠకురాలు): డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి నేనూ మావారూ ఆరు నెలలకి వెళ్తున్నాం. పెన్షన్ బ్యాంకు, ఆధార్, గ్యాస్ అన్నీ ఇక్కడి నంబర్ల మీదే ఉన్నాయి. ఇక్కడి సిమ్ తీసేసి అక్కడిది వేసుకోమని కొందరు, రోమింగ్ ప్యాక్ వేయించుకోమని కొందరు చెప్తున్నారు. ఏది తక్కువలో అవుతుంది?

జవాబు: అమ్మా, ఇక్కడి సిమ్ తీయొద్దు, ఆరు నెలలకి రోమింగ్ ప్యాకూ వద్దు. ఇక్కడి సిమ్‌కి అక్కడ ఒకటే పని, ఓటీపీలు రావడం. రోమింగ్‌లో వచ్చే మెసేజ్‌కి డబ్బులు పడవు, కాకపోతే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి ఉండాలి, అది బయల్దేరకముందే కంపెనీ యాప్‌లోనో స్టోర్‌లోనో చేయించేసుకోండి, అక్కడ దిగాక చేద్దాంలే అనుకుంటే ఆ యాప్ తెరవడానికే ఓటీపీ అడుగుతుంది, అది రాదు, ఇక చూస్కోండి తిప్పలు.

రీఛార్జ్ అయిపోకుండా చూసుకోవడం ఇంకా ముఖ్యం. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకుండా పడి ఉంటే తీసేయొచ్చని ట్రాయ్ (ఫోన్ కంపెనీలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ) రూల్ ఉంది, ఒకసారి పోయి వేరేవాళ్ళకి వెళ్ళిపోయిందంటే మీ బ్యాంకు మెసేజ్‌లు ఎవరికో వెళ్తుంటాయి. నెట్ అక్కర్లేనివాళ్ళకి కాల్స్, మెసేజ్‌లు మాత్రమే ఉండే ప్లాన్‌లు పెట్టమని ట్రాయ్ చెప్పాక 2025 జనవరి నుంచి అవి వచ్చాయి, 84 రోజులవీ ఉన్నాయి, ఏడాదివీ ఉన్నాయి. మీలాంటివాళ్ళకి అదే సరిపోతుంది. మధ్యలో వేయాల్సొస్తే ఊళ్ళో ఉన్న మీ చెల్లెలో మరిదో వాళ్ళ ఫోన్‌లోంచి వేసేయొచ్చు, అమెరికా కార్డుతో కుస్తీ పట్టక్కర్లేదు. రెండు నెలలకోసారి అయినా ఆ నంబర్ నుంచి ఒక మెసేజ్ బయటికి పంపండి, చార్జీ పడినా నంబర్ వాడకంలో ఉంటుంది.

ఇక మాట్లాడటానికి, నెట్‌కి అక్కడి సిమ్. అబ్బాయికి ఫ్యామిలీ ప్లాన్ ఉంటే ఇంకో లైన్ కలపడం చాలాసార్లు చౌక, లేకపోతే మింట్ అనే అక్కడి కంపెనీ లాంటి ప్రీపెయిడ్‌వి మూడు నెలలకి ఒకేసారి కట్టేవి ఉన్నాయి. ఇంట్లో వైఫై ఉంది కదా సిమ్ ఎందుకు అంటారు చాలామంది, నేను మాత్రం ఒప్పుకోను. పిల్లలు ఆఫీసులకి వెళ్ళిపోయాక ఇంట్లో మీరిద్దరే ఉంటారు, సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే అక్కడ ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, దారి తప్పినా కాలు జారి పడినా ఫోన్ కలవాలి. ఇద్దరికీ చెరో సిమ్ ఉండాల్సిందే. మావారికెందుకులెండి అని ఆగిపోకండి.

అక్కడ పాత 3జీ నెట్‌వర్క్‌లు 2022లోనే మూసేశారు, కాబట్టి వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సౌకర్యం) లేని పాత ఫోన్ పట్టుకెళ్ళి లాభం లేదు. ఏటీ అండ్ టీ అనే అక్కడి ఫోన్ కంపెనీ వాళ్ళయితే తమ లిస్టులో ఉన్న మోడల్స్‌కే కాల్స్ ఇస్తారు, సిమ్ కొనేముందే మీ ఫోన్ మోడల్ వాళ్ళ వెబ్‌సైట్‌లో కొట్టి చూడమనండి అబ్బాయిని. రెండు సిమ్‌ల ఫోన్ అయితే ఇక్కడిది అలాగే ఉంచి రెండో దాంట్లో అక్కడిది వేసి, మొబైల్ డేటా అక్కడి సిమ్‌కి పెట్టి, ఇక్కడి సిమ్ డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. ఐఫోన్ అయితే సెల్యులార్ డేటా లోపల డేటా స్విచింగ్ అని ఒకటుంటుంది, అదీ ఆఫ్ చేయాలి, లేకపోతే అక్కడి సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ తనంతట తనే ఇక్కడి సిమ్ డేటా వాడేస్తుంది. ఇక్కడి నంబర్‌కి ఎవరైనా కాల్ చేస్తే ఎత్తకండి, ఎత్తితే మీకే నిమిషాల లెక్కన పడుతుంది. బంధువులందరికీ ముందే వాట్సాప్‌లో చేయమని చెప్పేయండి. సిమ్ మార్చాక వాట్సాప్ నంబర్ మార్చమంటారా అని అడిగితే వద్దు అని నొక్కండి, పాత నంబర్ మీదే నడుస్తుంది. ఫోన్‌పే, గూగుల్ పే తీసేసి మళ్ళీ వేయడం లాంటివి అక్కడ చేయొద్దు, మళ్ళీ రిజిస్టర్ అవ్వాలంటే ఇక్కడి సిమ్ నుంచి మెసేజ్ వెళ్ళాలి. విమానం ఎక్కగానే ఫ్లైట్ మోడ్ పెట్టండి, కొన్ని విమానాల్లో సొంత నెట్‌వర్క్ ఉంటుంది, ఫోన్ దానికి తగులుకుంటే ఆ రేట్లు చాలా ఎక్కువ.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి): మా ఆయన కొత్తగా దుబాయ్ పోయిండు. వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తున్నయ్ గానీ కాల్ కలుస్తలేదు. రూమ్‌లో వాళ్ళు వీపీఎన్ వేసుకోమంటున్నరట. వేసుకోవచ్చా?

జవాబు: చెల్లీ, మీ ఫోన్‌లో తప్పేం లేదు, యూఏఈలో వాట్సాప్ కాల్స్‌కి పర్మిషన్ లేదు, అందుకే మెసేజ్‌లు, వాయిస్ మెసేజ్‌లు పోతాయి గానీ కాల్ కలవదు. వీపీఎన్ అంటే ఫోన్ ఏ దేశంలో ఉందో దాచి నెట్ వాడించే యాప్, దాని జోలికి మాత్రం పోనీయకండి. అక్కడి చట్టం ప్రకారం దాన్ని అడ్డుపెట్టుకుని తప్పు పని చేస్తే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలవుతుంది, కూలికి పోయినవాళ్ళు తట్టుకునే మాట కాదది. అక్కడ అనుమతి ఉన్న యాప్ బోటిమ్. ఆయన ఫోన్‌లో, మీ ఫోన్‌లో రెండింట్లోనూ వేసుకుంటే యాప్ నుంచి యాప్‌కి వీడియో కాల్ కూడా చేసుకోవచ్చు, నెట్ ఖర్చు తప్ప వేరే ఉండదు. మీ మామూలు నంబర్‌కి చేస్తే మాత్రం డబ్బులు పడతాయి. గూగుల్ మీట్ కూడా అక్కడ నడుస్తుంది. అత్తమ్మకి యాప్‌లు రావంటే మీ ఫోన్‌లోనే ఒక టైమ్ పెట్టుకుని మాట్లాడించండి, మనకంటే అక్కడ గంటన్నర వెనక.

ప్రశ్న (విశాఖ నుంచి): ప్యారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ టూర్‌కి పోతున్నాం. దేశానికో సిమ్ కొనాలా?

జవాబు: అక్కర్లేదండి. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ నుంచి రోమింగ్ చార్జీలు ఎత్తేశారు, ప్యారిస్‌లో కొన్న సిమ్ ఇటలీలోనూ అదే రేటుకి పనిచేస్తుంది. మీ టూర్‌లో చిక్కల్లా స్విట్జర్లాండే, అది యూనియన్‌లో లేదు, లండన్ కూడా అంతే. అందుకని ఏది కొన్నా దేశాల లిస్టులో స్విట్జర్లాండ్ పేరు ఉందో లేదో కళ్ళతో చూసి కొనండి. ఇన్ని రోజులకే అయితే యూరప్ మొత్తానికి కలిపి ఇచ్చే ఈసిమ్ (చిప్ లేకుండా ఫోన్‌లోనే వేసుకునే సిమ్) సుఖం. మీ ఫోన్‌లో *#06# కొట్టండి, ఐఎమ్ఈఐ అనే ఫోన్ గుర్తింపు నంబర్‌తో పాటు ఈఐడీ అని పొడుగు నంబర్ కనిపిస్తే ఈసిమ్ పడుతుంది. ఇంట్లో వైఫై ఉండగానే వేసేసుకోండి, ఎయిర్‌పోర్టులో దిగాక నెట్ లేకుండా క్యూఆర్ కోడ్ స్కాన్ అవ్వదు. అయితే గడువు వేసిన రోజు నుంచా, అక్కడ నెట్‌వర్క్ తగిలిన రోజు నుంచా అన్నది కొనేముందు చదవండి. ఊళ్ళ మ్యాప్‌లు కూడా ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే డేటా చాలా మిగుల్తుంది.

ప్రశ్న (అట్లాంటా నుంచి ఒక విద్యార్థి): జగిత్యాల దగ్గర ఊళ్ళో మా నాయనమ్మకి కీప్యాడ్ ఫోనే ఉంది. ఇదివరకు స్కైప్ క్రెడిట్‌తో చేసేవాణ్ణి, ఇప్పుడెలా?

జవాబు: స్కైప్ 2025 మేలో మూసేశారు కదా తమ్ముడూ, గూగుల్ వాయిస్ చూడు. నీ అమెరికా నంబర్‌తో అకౌంట్ తెరిచి కొంచెం క్రెడిట్ వేసుకుంటే ఇండియాకి నిమిషానికి 1 సెంటు దగ్గర అవుతుంది, నాయనమ్మకి మామూలు కాల్ లాగే వస్తుంది, ఆమె ఏమీ నేర్చుకోనక్కర్లేదు. కాకపోతే ఫోన్ మీద విదేశీ నంబర్ పడుతుంది, ఈమధ్య మోసపు కాల్స్ కూడా అలాంటి నంబర్లతోనే వస్తున్నాయి కాబట్టి ఫలానా రోజు ఫలానా టైమ్‌కి నేనే చేస్తా అని ముందే చెప్పి పెట్టు, మిస్డ్ కాల్ చూసి తిరిగి చేయొద్దని కూడా చెప్పు, ఐఎస్‌డీ రేటుకి ఆమె బ్యాలెన్స్ మొత్తం పోతుంది.